సంక్షేమ పథకాల్లో మోసాన్ని ఆపడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి? ఆరు దారుల పోలిక

పథకం సొమ్ము పక్కదారి పడుతోందని తెలియగానే పైనుంచి వచ్చే మొదటి మాట "గట్టిగా వెరిఫై చేయండి" అని. ఆ వెంటనే వేలిముద్ర యంత్రాలకు టెండరు పిలుస్తారు, లేదా అనుమానం ఉన్న కార్డుల జాబితా తీసే సాఫ్ట్‌వేర్ కొంటారు, అదీ కాకపోతే లబ్ధిదారులందరినీ మళ్లీ కాగితాలు పట్టుకుని రమ్మంటారు. వీటిలో మన పథకానికి ఏది సరిపోతుందన్న ప్రశ్న మాత్రం డబ్బు ఖర్చయ్యాకే గుర్తొస్తుంది. ఆ ప్రశ్న ముందే వేసుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ పోలిక: పథకం మార్గదర్శకాలు రాసే అధికారులు, వాటిని సాఫ్ట్‌వేర్‌గా మార్చే టీములు, స్కాలర్‌షిప్పులో వైద్య సాయమో ఇచ్చే ట్రస్టులు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మోసాన్ని పట్టుకోవడం కన్నా మోసానికి చోటు లేకుండా పథకాన్ని రాయడం చవక. పట్టుకోక తప్పని చోట, సొమ్ము చేతులు మారకముందే పట్టుకోవాలి. ఏ పద్ధతికైనా పొరపాట్లు తప్పవు కాబట్టి, పొరబడినప్పుడు ఆ నష్టం ఎవరు మోయాలో మొదటి రోజే రాసిపెట్టుకోవాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, సొమ్ము తింటున్నది ఎవరు? అర్హత లేకున్నా ఉందని చెప్పుకునే దరఖాస్తుదారు ఒకరు. మధ్యలో కూర్చున్నవాళ్లు ఇంకొకరు: దొంగ మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) వేసేవాళ్లు, తూకంలో కోసే డీలర్లు, సంతకానికి ఇంత అని రేటు పెట్టినవాళ్లు. మూడోవాళ్లు పథకంతో ఏ సంబంధమూ లేని ముఠాలు. ఇతరుల పేర్లూ నంబర్లూ దొంగిలించి ఒకేసారి వేల దరఖాస్తులు పెడతారు. నాలుగోది, అసలు ఎవరూ తినకపోవడం. ఫారం అర్థం కాక తప్పు నింపుతారు, ఆఫీసులో ఎంట్రీ తప్పు పడుతుంది, లెక్కలో మాత్రం అదీ "అక్రమ చెల్లింపు"గానే తేలుతుంది. బ్రిటన్ ప్రభుత్వం ఏటా విడుదల చేసే గణాంకాల్లో మోసం, దరఖాస్తుదారు పొరపాటు, అధికారుల పొరపాటు అని మూడు వేర్వేరు పద్దులుంటాయి. ఈ విభజన లేని చోట ప్రతి తేడానూ దొంగతనం కింద రాసేస్తారు, మందు కూడా దొంగతనానికే వేస్తారు.

రెండోది, అర్హుల్లో ఎంతమంది బయట పడిపోతారు? అనర్హుడికి డబ్బు వెళ్తే ఆడిట్‌లో కనిపిస్తుంది. అర్హుడికి ఆగిపోతే ఏ ఆడిట్‌లోనూ కనిపించదు, పైగా "ఆదా" అని నివేదికలో చేరుతుంది. అందుకే ఈ ప్రమాణాన్ని పనిగట్టుకుని కొలవాలి.

మిగతా మూడు త్వరగా చెప్పుకోవచ్చు. తనిఖీ చెల్లింపుకు ముందా, తర్వాతా? తేడా వస్తే నిరూపించుకోవాల్సింది ప్రభుత్వమా, లబ్ధిదారుడా? మొత్తం ఖర్చెంత? ఈ చివరిదానిలో యంత్రాల ఖరీదుతో పాటు, కూలి పోగొట్టుకుని క్యూలో నిలబడిన మనిషి సమయాన్నీ కలపాలి.

ఇవేవీ తెలియకపోతే పద్ధతి ఎంచుకోవడం ఆపి ముందు కొలవండి. లబ్ధిదారుల జాబితా నుంచి లాటరీ తీసినట్టు 400 ఫైళ్లు తీసి, ఒక్కొక్కదాన్నీ ఇంటికి వెళ్లి పూర్తిగా పరిశీలిస్తే, తప్పుల వాటా ఎంతో దాదాపు ఐదు శాతం పాయింట్ల అటూ ఇటూగా తేలుతుంది. అందులో ఏ రకం తప్పు ఎంతన్నదీ స్థూలంగా అర్థమవుతుంది. అనుమానం ఉన్న ఫైళ్లే ఏరుకుని చూస్తే ఈ లెక్క పనికిరాదు.

| పద్ధతి | ఎవరి మోసానికి పనికొస్తుంది | పట్టుకునే సమయం | అర్హులకు ముప్పు |
|---|---|---|---|
| నిబంధనలు తేలిక చేయడం | దరఖాస్తుదారు, మధ్యవర్తి, పొరపాట్లు | మోసం పుట్టకముందే | చాలా తక్కువ |
| గట్టి గుర్తింపు తనిఖీ | మధ్యవర్తి, దొంగ పేర్లు | చెల్లింపు వేళ | ప్రత్యామ్నాయం లేకపోతే ఎక్కువ |
| డేటా సరిపోల్చడం | దరఖాస్తుదారు, ముఠాలు | ముందు లేదా తర్వాత | ఎలా వాడారన్న దాన్ని బట్టి |
| రిస్క్ స్కోరు | దరఖాస్తుదారు, ముఠాలు | ముందు లేదా తర్వాత | మనిషి చూడకపోతే చాలా ఎక్కువ |
| సామాజిక తనిఖీ | మధ్యవర్తి | తర్వాత | తక్కువ |
| స్వీయ ధ్రువీకరణ, శాంపిల్ తనిఖీ | చిన్నపాటి అబద్ధాలు | తర్వాత | తక్కువ |

## నిబంధనలనే తేలిక చేయడం

దీన్ని మోసం నివారణ పద్ధతిగా ఎవరూ లెక్కేయరు. టెండరు ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు. నా దృష్టిలో మొదట చూడాల్సింది ఇదే.

బ్రిటన్‌లో జబ్బుపడిన లేదా వికలాంగులైన ఆత్మీయుల్ని వారానికి కనీసం 35 గంటలు చూసుకునేవాళ్లకు కేరర్స్ అలవెన్స్ అనే భత్యం ఉంది. 2024లో దాని విలువ వారానికి 81.90 పౌండ్లు. అప్పట్లో బయట పనిచేసి వారానికి 151 పౌండ్ల వరకే సంపాదించుకోనిచ్చేవారు. ఆ పరిమితి ఒక్క పౌండు దాటినా భత్యం తగ్గడం కాదు, ఆ వారానికి మొత్తం పోతుంది. జీతం కొద్దిగా పెరిగితేనో, ఓ వారం అదనపు గంటలు చేస్తేనో పరిమితి దాటిపోతుంది. దాటిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు. జీతాల సమాచారం పన్ను శాఖ ద్వారా సంక్షేమ శాఖకు అందుతూనే ఉన్నా, వచ్చిన హెచ్చరికలన్నిటినీ వెంటనే చూసే సిబ్బంది లేరు. అలా ఏళ్లు గడిచాక ఒకేసారి వేల పౌండ్లు వెనక్కి కట్టమని నోటీసులు వెళ్లాయి, కొందరి మీద కేసులూ పెట్టారు. 2024లో ఇది పెద్ద దుమారమై, 2025 ఏప్రిల్ నుంచి పరిమితిని 196 పౌండ్లకు పెంచారు.

ఈ "మోసగాళ్ల"ను తయారుచేసింది నిబంధన. పరిమితి దాటిన ప్రతి పౌండుకూ భత్యంలో కొన్ని పెన్నీలు తగ్గేలా రాసి ఉంటే దాచాలన్న ఆశా ఉండేది కాదు, తెలియక దాటినా రికవరీ చిల్లరలో ఉండేది. మీ పథకంలో ఒక్క రూపాయి తేడాతో మొత్తం పోయే గీత ఏదైనా ఉంటే, దానికి రెండు వైపులా జనం ఎంతమంది ఉన్నారో లెక్క తీయండి. గీతకు సరిగ్గా కింద అసహజంగా గుంపు కనిపిస్తే అక్కడ సంపాదన దాస్తున్నారని అనుకోవచ్చు. లేదా జనం కావాలనే పని తగ్గించుకుంటున్నారు. రెండూ పథకానికి చెడ్డవే.

తేలిక చేయడంలో చివరి మెట్టు అందరికీ ఇచ్చేయడం. 1997లో కేంద్రం రేషన్‌ను పేదలకు మాత్రమే అని విడగొట్టినప్పుడు తమిళనాడు అందరికీ ఇచ్చే పాత పద్ధతినే ఉంచుకుంది. "పేద" అన్న కార్డు కోసం లంచం ఇవ్వాల్సిన పని ఉండదు, డీలరు కోత పెడితే గొంతెత్తగల మధ్యతరగతి కూడా అదే క్యూలో ఉంటుంది. అలాస్కా 1982 నుంచి చమురు నిధి లాభాల్లో వాటాను నివాసులందరికీ ఏటా పంచుతోంది. అక్కడ పరిశీలించాల్సింది ప్రధానంగా "ఇక్కడే ఉంటున్నారా" అన్న ఒక్క ప్రశ్నే. రాష్ట్రం వదిలిపోయినా ఉంటున్నట్టు రాసేవాళ్లు అక్కడా ఉన్నారు, కానీ తనిఖీకి చూడాల్సిన అబద్ధం ఒకే రకం.

ఇబ్బంది ఖర్చు. నిధులు పరిమితమైతే అందరికీ ఇవ్వడం అంటే ఒక్కొక్కరికీ తక్కువ ఇవ్వడం. దొంగ పేర్లనూ ఇది ఆపదు, చచ్చిపోయినవాళ్ల పేరు మీద డ్రా చేయడాన్నీ ఆపదు.

## గట్టి గుర్తింపు తనిఖీ

వేలిముద్ర, కనుపాప, ముఖం, ఓటీపీ ఏదైనా సరే, ఇవి చెప్పగలిగేది "ఈ మనిషి ఆ మనిషే" అని మాత్రమే. ఆ మనిషి అర్హుడా అని చెప్పవు. డీలరు చేతికి ఎంత ఇచ్చాడనీ చెప్పవు. కొనేవాళ్లు మాత్రం ఈ మూడూ చెబుతుందనుకునే కొంటారు.

మన దగ్గరే దీనికి రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. రెండిటినీ ఒకే పరిశోధకుల వర్గం అధ్యయనం చేసింది, ఫలితాలు మాత్రం రెండు రకాలుగా వచ్చాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 ప్రాంతంలో ఉపాధి హామీ కూలీకీ సామాజిక పింఛన్లకూ బయోమెట్రిక్ స్మార్ట్ కార్డులు తెచ్చారు. 157 మండలాల్లో ఎక్కడ ముందు, ఎక్కడ తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు కాబట్టి ఫలితాన్ని నమ్మకంగా కొలవగలిగారు. ఉపాధి హామీలో లీకేజీ సుమారు 40 శాతం తగ్గింది. కూలి డబ్బు త్వరగా అందింది, డబ్బు కోసం వెచ్చించే సమయమూ తగ్గింది. కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో చెల్లించే దారి మూయలేదు. ఇంకో విశేషం, ప్రభుత్వ ఖర్చు తగ్గలేదు. మధ్యలో పోతున్న సొమ్ము కూలీల చేతికి చేరింది, అంతే.

జార్ఖండ్‌లో 2017 ప్రాంతంలో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేశారు. అది ఒక్కటే వచ్చిన దశలో లీకేజీ తగ్గిన దాఖలా కనిపించలేదు, తిరుగుళ్లు మాత్రం పెరిగాయి. ఆ తర్వాత డీలరు దగ్గర రికార్డు ప్రకారం మిగిలి ఉండాల్సిన సరుకును కొత్త కోటాలో కోయడం మొదలుపెట్టాక లీకేజీ తగ్గింది, దాంతోపాటు అర్హులకు అందేదీ తగ్గింది. సంస్కరణల కాలంలో 15 నుంచి 20 లక్షల మంది అర్హులు ఏదో ఒక దశలో రేషన్ కోల్పోయారని ఆ అధ్యయనం అంచనా. ప్రభుత్వం ఖర్చులో తగ్గిన దాంట్లో కనీసం 22 శాతం అర్హుల నోటి దగ్గర తీసిందే.

వేలిముద్ర రెండు చోట్లా ఉంది. తేడా చుట్టూ ఉన్న ఏర్పాటులో వచ్చింది. ఒకచోట ఉద్దేశం లబ్ధిదారుడికి డబ్బు చేరడం, విఫలమైతే వేరే దారి ఉంది. రెండోచోట ఉద్దేశం లీకేజీ కోత, విఫలమైతే తలుపు మూత. కాబట్టి గుర్తింపు యంత్రం కొనేవాళ్లు మొదట అడగాల్సింది "వేలిముద్ర పడకపోతే అదే రోజు, అదే చోట ఏం చేస్తారు?" అని. అరిగిపోయిన వేళ్లున్న కూలీలు, మంచం దిగలేని వృద్ధులు, నెట్‌వర్క్ లేని ఊళ్లు అరుదైన సందర్భాలు కావు. సంక్షేమ పథకం వాడకందారుల్లో పెద్ద భాగం వాళ్లే.

గుర్తింపు బలం యంత్రంలో కన్నా ఎంట్రీ ఫారంలో ఎక్కువ ఉంటుందనడానికి ఓ ఉదాహరణ. 2023 ఆగస్టులో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఆయుష్మాన్ భారత్ డేటాబేస్‌లో 7,49,820 మంది లబ్ధిదారులకు ఒకే మొబైల్ నంబరు ఉంది: 9999999999. వీళ్లంతా బోగస్ అని దానర్థం కాదు. ఫోన్ నంబరు ఖాళీగా వదలడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకపోతే ఆపరేటరు చేసేది అదే, పది తొమ్మిదులు కొట్టి ముందుకెళ్తాడు. "నంబరు లేదు" అన్న గడి ఒకటి పెట్టి, ఒకే నంబరు ఫలానా సంఖ్య దాటితే ఆపమని ఒక్క నియమం రాసి ఉంటే చాలేది. ఇలాంటి చవక మరమ్మతులు చేయకుండా కనుపాప స్కానర్ల దాకా వెళ్లేవాళ్లను చూస్తే నాకు విసుగు.

## డేటా సరిపోల్చడం

ఒక శాఖ దగ్గరున్న సమాచారాన్ని ఇంకో శాఖ జాబితాతో పోల్చడం. పథకంలో ఆదాయం, ఉద్యోగం, మరణం లాంటి షరతులుంటే ఇంతకన్నా నేరుగా పనిచేసేది లేదు, అయితే చెల్లింపుకు ముందు వాడినప్పుడే.

పీఎం కిసాన్‌లో ఆదాయపన్ను కట్టేవాళ్లు అనర్హులు. అయినా 20 లక్షలకు పైగా అనర్హులకు రూ.1,364 కోట్లు వెళ్లినట్టు 2021 జనవరిలో సమాచార హక్కు దరఖాస్తు ద్వారా బయటపడింది. అందులో సగానికి పైగా ఆదాయపన్ను కట్టేవాళ్లే. పన్ను జాబితా ప్రభుత్వం దగ్గరే ఉంది. మొదటి వాయిదాకు ముందే పోల్చి ఉంటే వీళ్లలో చాలామంది దగ్గర రికవరీ బాధ ఉండేది కాదు.

అమెరికాలో 2020లో నిరుద్యోగ భృతి దోపిడీకి ఓ కారణం, రాష్ట్రానికో వ్యవస్థ ఉండటం. ఒకే సోషల్ సెక్యూరిటీ నంబరుతో పలు రాష్ట్రాల్లో దరఖాస్తులు పెట్టారు. జైల్లో ఉన్నవాళ్ల పేర్లతో, చనిపోయినవాళ్ల పేర్లతో పెట్టారు. వీటిని పట్టడానికి కృత్రిమ మేధ అక్కర్లేదు, జాబితాలు పక్కపక్కన పెడితే చాలు.

చెల్లించాక పోల్చితే మాత్రం కథ మారుతుంది. ఆస్ట్రేలియా రోబోడెట్ దీనికి అందరూ చదవాల్సిన పాఠం. అక్కడ భృతిని రెండు వారాలకోసారి, ఆ రెండు వారాల సంపాదనను బట్టి ఇస్తారు. పన్ను శాఖ దగ్గర ఉన్నది మాత్రం ఏడాది ఆదాయం. 2016 నుంచి కంప్యూటరు ఆ ఏడాది మొత్తాన్ని 26తో భాగించి, ప్రతి రెండు వారాలకూ సమానంగా పంచేసింది. ఒకతను మొదటి ఆరు నెలలు పనిచేసి 26,000 డాలర్లు సంపాదించి, తర్వాతి ఆరు నెలలు పని లేక భృతి తీసుకున్నాడనుకోండి. కంప్యూటరు లెక్కలో పని లేని రోజుల్లోనూ అతను రెండు వారాలకు వెయ్యి డాలర్లు సంపాదించినట్టే. తీసుకున్న భృతి అప్పుగా మారుతుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతనే, అదీ ఏళ్ల కిందటి జీతం స్లిప్పులు వెతికి. 2019లో కోర్టులో ఇది చెల్లదని తేలింది. 2020 మేలో 4,70,000 అప్పుల కింద వసూలు చేసిన 72 కోట్ల డాలర్లకు పైగా సొమ్మును వాపసు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2023లో రాయల్ కమిషన్ ఆ పద్ధతిని న్యాయమూ కాదు, చట్టబద్ధమూ కాదు అని తేల్చింది.

అంటే పోల్చే రెండు లెక్కల కాలం ఒకటేనా అన్నది చూసుకోవాలి. బ్రిటన్‌లో 2013 నుంచి యజమానులు జీతం ఇచ్చిన రోజే పన్ను శాఖకు తెలియజేస్తారు, యూనివర్సల్ క్రెడిట్ అనే, ఆదాయాన్ని బట్టి మారే భత్యం ఆ లెక్కతో నెలనెలా తనంతట తానే సర్దుకుంటుంది. ఇంత చక్కటి ఏర్పాటులోనూ ఓ మెలిక పడింది. నెలాఖరు సెలవైతే జీతం ఒకటి రెండు రోజులు ముందు పడుతుంది. దాంతో ఒక నెల లెక్కలో రెండు జీతాలు, తర్వాతి నెలలో సున్నా. దీన్ని సరిచేయకపోవడం తప్పని 2020 జూన్‌లో అప్పీలు కోర్టు చెప్పాల్సి వచ్చింది.

పేర్ల గొడవ వేరే. ఒక జాబితాలో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో పొడి అక్షరం. ఇలాంటి జాబితాలను కలిపి కారు ఉందనో ఉద్యోగం ఉందనో తేల్చితే, అదే పేరున్న వేరే మనిషి కారు ఇతని నెత్తిన పడుతుంది. తెలంగాణలో రద్దైన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయికి వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కంప్యూటరు చూపిన తేడా ఇంటికి వెళ్లి అడగడానికి కారణం కావచ్చు, కార్డు కొట్టేయడానికి కారణం కాకూడదు.

## రిస్క్ స్కోరు

పాత కేసుల నుంచి నేర్చుకుని, ఏ దరఖాస్తు మోసం కావచ్చో మార్కులేసే సాఫ్ట్‌వేర్. డెమోలో అద్భుతంగా ఉంటుంది. 90 శాతం కచ్చితత్వం అంటారు. ఆ అంకె వినగానే కాగితం తీయండి.

లక్ష మంది లబ్ధిదారులు, అందులో రెండు శాతం మోసగాళ్లు అనుకుందాం, అంటే 2,000 మంది. సాఫ్ట్‌వేర్ వాళ్లలో 90 శాతాన్ని, అంటే 1,800 మందిని పడుతుంది. మిగతా 98,000 మంది నిజాయితీపరుల్లో పది శాతాన్ని పొరబాటుగా అనుమానిస్తుంది, అంటే 9,800 మంది. జాబితాలో మొత్తం 11,600 పేర్లు, అసలు దొంగలు ఆరుగురిలో ఒకరు కూడా కాదు. ఈ జాబితాతో ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో తేల్చుకోవచ్చు. దీన్ని బట్టి చెల్లింపులు ఆపితే జరిగేది అన్యాయమే.

మిషిగన్ రాష్ట్రం సరిగ్గా ఆ పని చేసింది. 2013 అక్టోబరు నుంచి 2015 వరకు మిడాస్ అనే వ్యవస్థ నిరుద్యోగ భృతి తీసుకున్నవాళ్లపై మనిషి ప్రమేయం లేకుండానే మోసం ముద్ర వేసింది. తీసుకున్న భృతికి నాలుగు రెట్లు జరిమానా, పైన వడ్డీ. తర్వాత, పూర్తిగా యంత్రమే తేల్చిన 22,000కు పైగా కేసులను తిరగతోడితే 93 శాతం తప్పు.

నెదర్లాండ్స్ కథ ఇంకా లోతైనది. 2013లో ఓ విదేశీ ముఠా భత్యాలు కాజేసిన సంగతి బయటికొచ్చి పెద్ద గోల అయింది. దాంతో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో పన్ను శాఖ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు చేసింది. చిన్న రసీదు లేకపోయినా ఏడాది భత్యం మొత్తం వెనక్కి కట్టమంది. ఎవరిని తనిఖీ చేయాలో చెప్పే స్కోరులో దేశ పౌరుడా కాదా అన్నదీ ఒక అంశం. వేల కుటుంబాలు అప్పుల పాలయ్యాయి. 2021 జనవరి 15న ప్రభుత్వమే రాజీనామా చేసింది. అంతకు ముందే, 2020 ఫిబ్రవరిలో సైరీ అనే మరో మోసం గుర్తింపు వ్యవస్థను హేగ్ కోర్టు మానవ హక్కులకు విరుద్ధమని ఆపేసింది.

లక్షల దరఖాస్తులు గంటల్లో వచ్చిపడే చోట, ముఠాల దాడి భయం ఉన్న చోట స్కోరుకు స్థానం ఉంది. ఒకే బ్యాంకు ఖాతాకు వందల దరఖాస్తులు వస్తున్నాయా, ఒకే కంప్యూటరు నుంచి వస్తున్నాయా లాంటివి అది బాగా పడుతుంది. మనిషి పేదరికం తీరును చూసి మార్కులేయడానికి మాత్రం వాడొద్దంటాను.

## సామాజిక తనిఖీ

రికార్డులో ఏం రాశారో ఊరందరి ముందు చదవడం. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే ప్రజాసంఘం 1994లో జన్ సున్వాయీలతో, అంటే బహిరంగ విచారణలతో, మొదలుపెట్టిన దారి ఇది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి ఉపాధి హామీలో దీన్ని ప్రభుత్వ వ్యవస్థగానే నడిపింది, 2009లో ప్రత్యేక సొసైటీ పెట్టింది. శిక్షణ పొందిన యువకులు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి "మీ పేరున ఇన్ని రోజులు రాశారు, చేశారా?" అని అడుగుతారు. తేలింది గ్రామసభలో చదువుతారు, ఆపై మండల స్థాయి ప్రజావేదికలో అధికారుల ముందు పెడతారు.

మధ్యవర్తి మోసానికి ఇంత సూటిగా తగిలేది ఇంకోటి లేదు. చేయని పనికి కూలి రాశారని ఏ డేటాబేస్ చెప్పగలదు? పక్కింటివాళ్లు చెప్పగలరు. లబ్ధిదారుడు ఇక్కడ అనుమానితుడు కాడు, సాక్షి.

బలహీనత కూడా రికార్డులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను ఏళ్ల తరబడి విశ్లేషించిన పరిశోధకులు, సులువుగా దొరికే అక్రమాలు తగ్గి, ఆ మేరకు మెటీరియల్ బిల్లుల లాంటి దొరకని అక్రమాలు పెరిగాయని గమనించారు. పట్టుకున్నాక రికవరీ లేకపోతే, చర్య లేకపోతే రెండో ఏడాది గ్రామసభకు జనం రారు. ఇంకో జాగ్రత్త, వ్యక్తిగత ఆదాయం, జబ్బు, కుటుంబ కలహాల మీద ఆధారపడే పథకాలకు ఇది తగదు. ఒంటరి మహిళ వివరాలు ఊరి మధ్య చదవడం తనిఖీ అనిపించుకోదు.

## స్వీయ ధ్రువీకరణ, శాంపిల్ తనిఖీ

దరఖాస్తుదారు మాటను నమ్మి చెల్లించడం, తర్వాత కొందరిని ఎంచి పరిశీలించడం. వేగంలో దీనికి సాటి లేదు. 2020 మార్చిలో అమెరికా స్వయం ఉపాధివాళ్లకు ఇచ్చిన నిరుద్యోగ సాయం ఇలాగే నడిచింది, ఆదాయ రుజువులు అడగాలన్న నిబంధన డిసెంబరులో గానీ రాలేదు. కోవిడ్ కాలం నిరుద్యోగ చెల్లింపుల్లో మొత్తంగా మోసం 10,000 నుంచి 13,500 కోట్ల డాలర్ల మధ్య ఉంటుందని అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2023లో అంచనా వేసింది.

దీన్నుంచి "నమ్మకూడదు" అన్న నీతి తీయడం తొందరపాటు. ఆదాయం విషయంలో మాట నమ్మడం ఒకటి, మనిషి ఎవరన్నది కూడా చూడకపోవడం ఇంకొకటి. మొదటిదాంట్లో పోయేది చిల్లర, రెండోది ముఠాలకు తెరిచిన తలుపు. సాయం మొత్తం చిన్నదైనా, ఒక్కసారి ఇచ్చేదైనా గుర్తింపు మాత్రం చూసి, మిగతాది నమ్మి ఇచ్చేయండి.

## మీ పరిస్థితిని బట్టి

విపత్తు సాయం ఇవ్వాల్సినవాళ్లు: ప్రాంతం మొత్తానికీ ఒకే మొత్తం ఇవ్వండి. ఒక ఖాతాకు ఒకే చెల్లింపు, గుర్తింపు నంబరుకు ఒకే దరఖాస్తు అన్న రెండు తాళాలు చాలు. ఆదాయ షరతు పెట్టాలనుకుంటే రెండో విడతకు పెట్టుకోండి.

పింఛన్లు నడిపేవాళ్లు: మీ ప్రధాన సమస్య మరణించినవాళ్ల పేరు మీద డ్రా చేయడం. బతికున్నట్టు ఏటా వచ్చి నిరూపించుకోమని అందరినీ అడగడం కన్నా, మరణ నమోదు రికార్డుతో నెలనెలా పోల్చి, పేరు కలిసిన ఇంటికి మాత్రం మనిషిని పంపడం మేలు. మరణ నమోదు సరిగా లేని చోట లైఫ్ సర్టిఫికెట్ తప్పదు. అప్పుడు నడవలేనివాళ్ల దగ్గరికి సిబ్బందే వెళ్లాలి. గడువు దాటిన నెలే పింఛను ఆపకుండా కొంత వ్యవధి ఇవ్వాలి.

సరుకో కూలో చేతుల మీదుగా చేరే పథకాలు: దొంగ మధ్యలో ఉన్నాడు. లబ్ధిదారుడి వేలిని కాకుండా సరుకు కదలికను చూడండి: గోదాము నుంచి ఎంత బయల్దేరింది, ఎక్కడికి ఎప్పుడు చేరింది, ఆ సమాచారం లబ్ధిదారుల ఫోన్లకు వెళ్లిందా. పక్కన సామాజిక తనిఖీ. డీలరును మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వగలిగితే ఇంకా మంచిది, కోత పెట్టేవాడి దగ్గరికి జనం వెళ్లడం మానేస్తారు.

ఆదాయాన్ని బట్టి మారే భత్యాలు: ముందు గీతల్ని వాలుగా మార్చండి, అంటే భత్యం ఒక్కసారిగా పోకుండా కొద్దికొద్దిగా తగ్గాలి. తర్వాత డేటా అనుసంధానం. జీతాల సమాచారం నెలనెలా రాని దేశంలో నెలవారీ ఆదాయ షరతు పెట్టడమంటే అందరినీ అబద్ధాలకోరుల్ని చేయడమే.

చిన్న ట్రస్టులు: సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. ఫీజు విద్యార్థి చేతికి కాకుండా నేరుగా కాలేజీకి, వైద్య ఖర్చు నేరుగా ఆసుపత్రికి కట్టండి. దరఖాస్తు తీసుకున్నవాళ్లూ మంజూరు చేసేవాళ్లూ ఒకరే కాకుండా చూడండి. మీకున్న ముప్పులో పెద్ద భాగం ఈ రెండిటితోనే పోతుంది.

## ఒప్పందం మీద సంతకం పెట్టేముందు

ఏ దారి ఎంచుకున్నా, కంపెనీనీ మీ శాఖనూ కొన్ని మాటలు రాతపూర్వకంగా అడగండి. పేరు తొలగించే ముందు నోటీసు వెళ్తుందా, అది లబ్ధిదారుడికి అర్థమయ్యే భాషలో, ఏ ఆధారంతో అనుమానించారో చెబుతూ ఉంటుందా? అప్పీలు తేలేదాకా చెల్లింపు కొనసాగుతుందా? శాఖ తప్పువల్ల ఎక్కువ చెల్లించి ఉంటే దాన్ని లబ్ధిదారుడి నెత్తిన వేయకుండా వదిలేస్తారా? వెనక్కి ఎన్నేళ్ల దాకా తవ్వుతారు?

కంపెనీ ఫీజు ఎలా లెక్కిస్తున్నారో కూడా చూడండి. తొలగించిన పేర్ల సంఖ్యను బట్టో "ఆదా"ను బట్టో చెల్లించే ఒప్పందమైతే, అర్హుల్ని తీసేసినా వాళ్లకు లాభమే. దాని బదులు, తొలగించిన పేర్లలో నుంచి ప్రతి మూడు నెలలకూ లాటరీ పద్ధతిలో కొన్ని తీసి, బయటి బృందంతో ఇంటికి పంపి పరిశీలించే షరతు పెట్టండి. తప్పని తేలిన ప్రతి పేరుకూ కంపెనీ ఫీజులో కోత ఉండాలి. ఆ లబ్ధిదారుడికి ఆగిన నెలల బకాయి అడగకుండానే ఖాతాలో పడాలి.